సెట్టింగు ఎవరు చెప్పాలి: ఫైలా, ప్రోగ్రామా?

సందేశం క్యూలో ఎక్కడ ఆగిందో చూపే కమాండ్ యూనిక్స్ లోకంలోకి ముందు వచ్చింది. అది ఏ నిబంధన వల్ల ఆగిందో చూపే కమాండ్ చాలా వెనకగా వచ్చింది. 1980ల్లో సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ నడిచే యంత్రం మీద ‘మెయిల్‌క్యూ’ అని కొడితే ఇంకా వెళ్లని ఉత్తరాలన్నీ వరుసగా తెర మీదికి వచ్చేవి. ఆ ఉత్తరాలను ఎంతసేపటికొకసారి మళ్లీ పంపి చూస్తున్నారు, ఎన్ని రోజులకు పంపినవారికే తిప్పి కొడతారు అని అడగడానికి మాత్రం అంత సూటి కమాండ్ లేదు. ఇప్పుడు మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌కు పోస్ట్‌కాన్ఫ్, ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే రాబిట్‌ఎంక్యూకు రాబిట్‌ఎంక్యూసీటీఎల్, కాఫ్కాకు కాఫ్కా-కాన్ఫిగ్స్ ఉన్నాయి. ఆ పని ఎంత మామూలైపోయిందంటే, అలా అడగగలగడం వెనక నలభై ఏళ్ల కథ ఉందన్న సంగతే ఎవరికీ తట్టదు. ఈ ఆలస్యానికి బద్ధకమో, నైపుణ్యం లేకపోవడమో కారణమని నేను అనుకోను. ప్రోగ్రాము రాసినవారు పెట్టి ఉంచిన డీఫాల్ట్ విలువ ఒకటి, దాన్ని మారుస్తూ సిస్టమ్ అడ్మిన్ రాసిన విలువ ఒకటి, ఈ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాము నిజంగా పాటిస్తున్న విలువ ఒకటి. చాలాకాలం ఈ మూడింటినీ ఒకటే అనుకున్నారు. ఇవి వేర్వేరని గుర్తించిన మేరకే, ఒక్కొక్క మెట్టుగా, ఈ కమాండ్‌లు పుట్టాయి. ఏ కమాండ్ దేన్ని చూపింది, దేన్ని వదిలేసింది అన్నది గమనిస్తే ఆ కథ దానంతట అదే బయటపడుతుంది.

ఎరిక్ ఆల్మన్ బర్క్‌లీలో ముందు డెలివర్‌మెయిల్, ఆ తర్వాత సెండ్‌మెయిల్ రాశాడు. 1983లో 4.2 బీఎస్‌డీతో పాటు సెండ్‌మెయిల్ విశ్వవిద్యాలయాలకూ కంపెనీలకూ పాకింది. దాని సెట్టింగులు ఒకచోట ఉండేవి కావు. చిరునామాలను తిరగరాసే సూత్రాలు, క్యూ డైరెక్టరీ, ఉత్తరం గడువు వంటివి సెండ్‌మెయిల్.సీఎఫ్ అనే ఫైలులో ఉండేవి. అక్కడ ఒక్కొక్క ఆప్షన్‌కు ఒక్క అక్షరమే పేరు. పెద్ద టి పక్కన మూడు రోజులని రాస్తే అది ఉత్తరం గడువు, పెద్ద క్యూ పక్కన దారి రాస్తే అది ఉత్తరాలు నిల్వ ఉండే చోటు. ఆప్షన్‌లకు చదవగలిగే పూర్తి పేర్లు 1995లో, 8.7 వెర్షన్‌తో గానీ రాలేదు. క్యూను ఎంతసేపటికొకసారి తిరగేయాలన్నది ఆ ఫైలులో ఉండేదే కాదు. యంత్రం లేచేటప్పుడు నడిచే ఆర్‌సీ స్క్రిప్టులో సెండ్‌మెయిల్ పేరు పక్కన అరగంట అనో గంట అనో రాసేవారు. ఇంకొన్ని నిర్ణయాలు కంపైల్ చేసేటప్పుడే ప్రోగ్రాములో బిగిసిపోయేవి. సోర్స్ కోడ్ లేకుండా విక్రేత ఇచ్చిన బైనరీ మాత్రమే ఉన్నవాడికి వాటిని చూసే దారి లేదు. అంటే ఒక ఉత్తరం ఎందుకు కదలడం లేదో తెలుసుకోవాలంటే సీఎఫ్ ఫైలు, ఆర్‌సీ స్క్రిప్టు, ప్రోగ్రాము కట్టిన తీరు మూడూ ఒకరి తలలోనే ఉండాలి. ఆ తల సెలవు మీద వెళ్తే జవాబు చెప్పేవారు ఉండరు.

ఫైలులో రాసింది, అమల్లో ఉన్నది వేరు కావచ్చన్న సంగతిని సెండ్‌మెయిల్ తన తొలి రోజుల్లోనే చూపించింది, కాకపోతే ఎవరూ కోరని పద్ధతిలో. ఆనాటి యంత్రాల మీద సీఎఫ్ ఫైలును ప్రతిసారీ చదివి అర్థం చేసుకోవడానికి చాలా సమయం పట్టేది. అందుకని ఒకసారి చదివాక జ్ఞాపకంలో ఉన్న స్థితిని అలాగే ఇంకో ఫైలుగా గడ్డకట్టించి దాచుకునే ఏర్పాటు పెట్టారు. దాని పేరు సెండ్‌మెయిల్.ఎఫ్‌సీ. ఆ ఫైలు ఉంటే సెండ్‌మెయిల్ లేవగానే దాన్నే ఎక్కించుకునేది, అసలు సీఎఫ్ వైపు చూసేది కాదు. అడ్మిన్ సీఎఫ్‌లో గడువు మార్చి, మళ్లీ గడ్డకట్టించడం మరిచిపోతే, ఫైలు ఒకటి చెప్పేది, ప్రోగ్రాము మరొకటి చేసేది. రెండూ సెండ్‌మెయిల్ అధికారిక ఫైళ్లే. ఏది అమల్లో ఉందని అడిగితే జవాబిచ్చే కమాండ్ లేదు. ఎనిమిదో వెర్షన్‌లో ఈ ఏర్పాటును తీసేశారు. అయితే అది బయటపెట్టిన చిక్కు మాత్రం తర్వాత వచ్చిన ప్రతి మెయిల్ సర్వర్‌లోనూ ఏదో ఒక రూపంలో మిగిలే ఉంది.

కనిపించని సెట్టింగు ఎంత ఖరీదైనదో 1988 నవంబర్ 2న తెలిసింది. ఆ రోజు రాబర్ట్ టప్పన్ మోరిస్ ఇంటర్నెట్‌లోకి వదిలిన వర్మ్ యంత్రాల్లో చొరబడడానికి వాడుకున్న దారుల్లో సెండ్‌మెయిల్ డీబగ్ సౌకర్యం ఒకటి. ప్రోగ్రాము రాసేవారు పరీక్షల కోసం పెట్టుకున్న ఆ సౌకర్యం, చాలాచోట్ల పంపిణీ అయిన బైనరీల్లో తెరిచే ఉండిపోయింది. అది తెరిచి ఉంటే ఉత్తరం అందుకోవాల్సిన చిరునామా బదులు కొన్ని కమాండ్‌లు పంపి అవతలి యంత్రం చేత నడిపించవచ్చు. సుమారు 6,000 యంత్రాలు దెబ్బతిన్నాయని అప్పట్లో అంచనా వేశారు. అది ఊహతో కట్టిన లెక్క. లెక్క ఎంతైనా, ఆ యంత్రాల అడ్మిన్‌లలో చాలామందికి తమ సర్వర్‌లో డీబగ్ తెరిచి ఉందన్న సంగతే తెలియదు. మెయిల్ పోర్టుకు టెల్నెట్‌తో తగులుకుని డీబగ్ అని కొట్టి చూస్తే తెలిసేదన్న మాట నిజమే. అయితే అలా అడగాలని తోచాలంటే ముందే అనుమానం ఉండాలి. అనుమానం లేనివాడికి కూడా, అన్నిటితో పాటు ఆ ఒక్కదాన్నీ వరుసలో పెట్టి చూపించినప్పుడే కమాండ్ తన పని చేసినట్టు. ఈ సంఘటనను భద్రతాలోపంగా మాత్రమే చెప్పుకునే అలవాటు మనకుంది. సెట్టింగులను చూపించే చరిత్రలో కూడా దానికి చోటు ఉండాలి.

తన సెట్టింగులను తానే వరుసగా చూపే ఏర్పాటు సెండ్‌మెయిల్‌లో లేకపోయినా, దాని పక్కనే ఉన్న మరో ప్రోగ్రాములో అప్పటికే ఉంది. ఫోన్ లైన్ల మీద ఒక యూనిక్స్ యంత్రం నుంచి ఇంకోదానికి ఫైళ్లు, ఉత్తరాలు మోసిన యూయూసీపీని 1983లో పీటర్ హనీమన్, డేవిడ్ నోవిట్జ్, బ్రయన్ రెడ్‌మన్ కొత్తగా తిరగరాశారు. వారి పేర్ల ముక్కలు కలిపి దానికి హనీడాన్‌బర్ అనే పేరు స్థిరపడింది. ఇందులో పర్మిషన్స్ అనే ఫైలు ఉంది. ఫోన్ చేసి లోపలికి వచ్చే ఏ యంత్రం ఏ ఫైళ్లు అడగవచ్చు, ఎక్కడ రాయవచ్చు, ఏ కమాండ్‌లు నడపవచ్చు, దానికోసం క్యూలో ఉన్నవాటిని అదే కాల్‌లో పంపాలా వద్దా అన్నవన్నీ అందులోనే తేలుతాయి. ఆ ఫైలు రాయడం కష్టం, తప్పు రాస్తే తలుపు తెరిచి పెట్టినట్టే. అందుకే యూయూచెక్ అనే కమాండ్‌కు వివరంగా చెప్పమనే ఆప్షన్ ఒకటి ఇచ్చారు. అది ఫైలును అలాగే తెర మీద పోయదు. ఈ పేరుతో లోపలికి వచ్చిన యంత్రాన్ని ఫైళ్లు అడగనిస్తాం, లేదా అడగనివ్వం, ఫలానా డైరెక్టరీలోకి మాత్రమే పంపనిస్తాం అని పూర్తి వాక్యాల్లో చెబుతుంది. అడ్మిన్ ఏమీ రాయనందువల్ల వచ్చిన విలువ పక్కన అది డీఫాల్ట్ అని కూడా రాస్తుంది. నాకు తెలిసినంతలో, క్యూ నడిపే ప్రోగ్రాము తన నిబంధనలను తానే విప్పి చెప్పిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. అది పుట్టడానికి కారణం సౌకర్యం కంటే భయమని గమనించాలి. బయటివారికి ఏం తెరిచి పెట్టామో తెలియాలన్న ఆందోళన దాని వెనక ఉంది.

మోరిస్ వర్మ్ తర్వాతి దశాబ్దంలో సెండ్‌మెయిల్‌కు ప్రత్యామ్నాయాలు రాసినవారంతా ఈ ఆందోళనను వారసత్వంగా తీసుకున్నారు. డాన్ బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్, సీఎఫ్ ఫైలు గందరగోళాన్ని పూర్తిగా వదిలేసింది. అందులో ఒక్కొక్క సెట్టింగు ఒక్కొక్క చిన్న ఫైలు. ఉత్తరం గడువుకు క్యూలైఫ్‌టైమ్ అనే ఫైలు, ఒకేసారి ఎన్ని ఉత్తరాలు బయటికి పంపాలన్నదానికి కాంకరెన్సీరిమోట్ అనే ఫైలు. ఫైలు లేకపోతే డీఫాల్ట్ వర్తిస్తుంది. చూడడానికి ఇంత తేలికగా ఉన్నా, ఇందులో ఒక కొత్త ఇబ్బంది ఉంది. లేని ఫైలు తన విలువేమిటో చెప్పలేదు. దానికి జవాబే క్యూమెయిల్-షోసీటీఎల్. ఈ కమాండ్ ప్రతి సెట్టింగు పేరూ చెప్పి, అది డీఫాల్టా కాదా చెప్పి, దాని అర్థం ఒక వాక్యంలో చెబుతుంది. గడువు ఫైలు లేకపోతే ఉత్తరం 6,04,800 సెకన్లు, అంటే ఏడు రోజులు, క్యూలో ఉంటుందని తెలుస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది దాని చివరి భాగం. ఈ ఫైళ్లుండే కంట్రోల్ డైరెక్టరీలో తనకు తెలియని పేరుతో ఫైలు కనిపిస్తే, ఇది ఏం చేస్తుందో నాకు తెలియదని అది సూటిగా చెబుతుంది. అడ్మిన్ క్యూలైఫ్‌టైమ్ అన్న పేరులో ఒక అక్షరం తప్పుగా రాసి, గడువు మారిందని అనుకుంటూ ఉంటాడు. ఏ పొరపాటు సందేశమూ రాదు, డీఫాల్ట్ అలాగే నడుస్తుంది. ఆ తప్పును పట్టుకోగలిగేది, తనకు తెలిసినవన్నీ లెక్కబెట్టగల ప్రోగ్రాము ఒక్కటే. ఫైలును ఎన్నిసార్లు తెరిచి చదివినా అది కంటికి ఆనదు, ఎందుకంటే చదివే మనిషి తాను రాయాలనుకున్న మాటనే చదువుతాడు.

1998 డిసెంబర్‌లో విట్సే వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ ప్రజలకు విడుదలైంది. అది ఐబీఎం వారి వాట్సన్ పరిశోధన కేంద్రంలో తయారైంది. దానితో వచ్చిన పోస్ట్‌కాన్ఫ్ ఈ కథలో అతి ముఖ్యమైన మలుపు అని నా అభిప్రాయం. మామూలుగా కొడితే వందలాది సెట్టింగులను వాటి విలువలతో చూపిస్తుంది. డి అనే అక్షరం చేర్చి కొడితే అడ్మిన్ రాతలన్నీ పక్కనబెట్టి డీఫాల్ట్‌లనే చూపిస్తుంది. ఎన్ చేర్చి కొడితే పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలైన మెయిన్.సీఎఫ్‌లో అడ్మిన్ తన చేత్తో రాసినవి మాత్రమే వస్తాయి. ఎవరు పెట్టిన విలువ అన్న ప్రశ్నకు ఒక అక్షరం తేడాతో జవాబు రావడం చిన్న విషయం కాదు. దీనివల్ల కొత్త మర్యాద ఒకటి పుట్టింది. సహాయం అడిగేవారు మెయిన్.సీఎఫ్ ఫైలును పంపవద్దనీ, పోస్ట్‌కాన్ఫ్ ఎన్ ఇచ్చిన జవాబును పంపాలనీ పోస్ట్‌ఫిక్స్ సొంత పత్రాలే కోరతాయి. ఫైలు నిండా వ్యాఖ్యానాలు, వాడకుండా వదిలేసిన పంక్తులు ఉంటాయి. ఎన్ జవాబు సాధారణంగా ఒక తెరలో ఇమిడిపోతుంది. తెలియని యంత్రం గురించి తెలియని మనిషితో మాట్లాడడానికి అదొక ఉమ్మడి భాష అయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. ఫైలు ఉన్నప్పుడు దాన్ని తెరిచి చదువుకుంటే సరిపోదా, వ్యాఖ్యానాల పంక్తులు వడగట్టడానికి గ్రెప్ ఉంది కదా అని. పోస్ట్‌ఫిక్స్ ఫైలునే తీసుకుని చూద్దాం. ఒకే సెట్టింగును రెండుచోట్ల రాస్తే చివరిదే నిలుస్తుంది. పొడవైన ఫైలులో పైన ఉన్నది చూసి ఆగిపోయిన అడ్మిన్‌కు కింద ఇంకోటి ఉందని తెలియదు. పంక్తి మొదట్లో ఖాళీ ఉంటే అది పై పంక్తికి కొనసాగింపు అని నియమం. చెయ్యి జారి ఒక స్పేస్ పడితే కొత్త సెట్టింగు తన ఉనికి కోల్పోయి, పై సెట్టింగు విలువలో కలిసిపోతుంది. ఒక సెట్టింగు విలువలో ఇంకో సెట్టింగు పేరును డాలర్ గుర్తుతో వాడవచ్చు, ఆ రెండోది మూడోదాన్ని వాడవచ్చు. ఇవన్నీ మనిషి కంటికి ఒక రకంగా, ప్రోగ్రాముకు ఇంకో రకంగా కనిపిస్తాయి. ఆ ఫైలును చదివే నియమాలు ప్రోగ్రాముకే తెలుసు కాబట్టి, ఆ ఫైలు అర్థం కూడా ప్రోగ్రామే చెప్పాలి. వెనెమా ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లాడు. 2.9 వెర్షన్ నుంచి పోస్ట్‌కాన్ఫ్, ఎవరూ వాడని సెట్టింగు పేరు కనిపిస్తే హెచ్చరిస్తుంది. క్యూమెయిల్ చేసిన పనే ఇది, మరింత పెద్ద ఫైలు మీద.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకోటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. పోస్ట్‌కాన్ఫ్ అడిగేది ఫైలునే, నడుస్తున్న సర్వర్‌ను కాదు. మెయిన్.సీఎఫ్ మార్చి రీలోడ్ చేయకపోయినా పోస్ట్‌కాన్ఫ్ కొత్త విలువనే చూపిస్తుంది. అదే సమయంలో క్యూ మేనేజర్ పాత విలువతో నడుస్తూ ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌లో చాలా ప్రాసెస్‌లు కొద్దిసేపే బతికి చనిపోతాయి, వాటి స్థానంలో పుట్టినవి కొత్త ఫైలు చదువుకుంటాయి. కాబట్టి మార్పుకూ రీలోడ్‌కూ మధ్య ఒకే సర్వర్‌లో కొన్ని ముక్కలు పాత నిబంధన మీద, కొన్ని కొత్త నిబంధన మీద నడవవచ్చు. క్యూమెయిల్‌లో కూడా ఇంతే. క్యూను నడిపే క్యూమెయిల్-సెండ్ తనకు కావలసిన కంట్రోల్ ఫైళ్లలో ఎక్కువ భాగాన్ని లేచేటప్పుడు ఒకసారే చదువుతుంది, షోసీటీఎల్ మాత్రం ఇప్పటి ఫైలును చూపిస్తుంది. కరణం అడంగల్‌లో వరి అని రాసి ఉన్నా పొలంలో జొన్న నిలిచి ఉండవచ్చు, ఈ కమాండ్‌లు చదివేది అడంగల్‌నే. నా వాదనకు ఇది దెబ్బే అయినా, అడంగల్ పనికిరానిదని దీనర్థం కాదు. ఏ విలువ అడ్మిన్ ఉద్దేశించాడు, ఏది డీఫాల్ట్ అన్నది చెప్పగలిగేది అదే. అమల్లో ఉన్నదాన్ని మాత్రమే చూపే కమాండ్‌లు కూడా అదే కాలంలో ఇంకోచోట పెరుగుతున్నాయి. వాటికి ఈ రెండూ తెలియవు.

ఆ ఇంకోచోటు కెర్నల్. ఒకే యంత్రంలోని ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే క్యూలు బెల్ ల్యాబ్స్ కొలంబస్ శాఖ యూనిక్స్‌లో పుట్టి, 1983 నాటి సిస్టమ్ ఫైవ్‌తో లోకానికి తెలిశాయి. ఒక్క సందేశం ఎంత పెద్దదిగా ఉండవచ్చు, ఒక క్యూలో మొత్తం ఎన్ని బైట్లు పట్టాలి, యంత్రం మొత్తంలో ఎన్ని క్యూలు ఉండవచ్చు అన్న పరిమితులు చాలా యూనిక్స్‌లలో కెర్నల్‌ను తిరిగి కట్టుకుంటేనో, ఒక ఫైలు మార్చి యంత్రాన్ని రీబూట్ చేస్తేనో మారేవి. లైనక్స్‌లో ఐపీసీఎస్ అనే కమాండ్‌కు ఎల్ అనే ఆప్షన్ చేరిస్తే ఆ పరిమితులు కనిపిస్తాయి. సందేశానికి 8,192 బైట్లు, క్యూకు 16,384 బైట్లు అన్నవి అక్కడ చాలాకాలంగా ఉన్న డీఫాల్ట్‌లు. ఐపీసీఎస్ డిస్కు మీది సెట్టింగుల ఫైలు ఏదీ చదవదు, కెర్నల్‌నే అడుగుతుంది. కాబట్టి అది చెప్పేది పొలంలో ఉన్న పంటే. డీబీ2 వంటి డేటాబేస్‌ను లైనక్స్ మీద ఎక్కించేవారు ముందు ఐపీసీఎస్ ఎల్ కొట్టి చూసుకోవాలని దాని పత్రాలు చెప్పడానికి కారణం కూడా ఇదే. అయితే ఆ విలువ కెర్నల్‌తో వచ్చిందా, ఎవరైనా మార్చారా, రేపు రీబూట్ అయ్యాక కూడా ఉంటుందా అన్నవి ఐపీసీఎస్‌కు తెలియవు. 2015లో వచ్చిన లైనక్స్ 3.19 క్యూల సంఖ్య డీఫాల్ట్‌ను 32,000కు పెంచింది. కొత్త కెర్నల్ మీద ఆ అంకె చూసినవాడికి అది ఎవరి నిర్ణయమో ఆ తెర చెప్పదు.

1993లో ఐబీఎం తెచ్చిన ఎంక్యూసిరీస్, ఇప్పటి ఐబీఎం ఎంక్యూ, ఇంకో దారి పట్టింది. బ్యాంకులూ బీమా సంస్థలూ లావాదేవీల సందేశాలను దీనిమీద నడిపాయి. దానిలో క్యూల నిర్వచనాలు చేత్తో దిద్దుకునే ఫైలులో ఉండవు, క్యూ మేనేజర్ వాటిని తనలోనే దాచుకుంటుంది. తెలుసుకోవాలంటే క్యూ మేనేజర్‌నే అడగాలి, ఉదాహరణకు రన్‌ఎంక్యూఎస్‌సీ తెరిచి డిస్‌ప్లే అని. ఫైలు ఒకటి, అమలు ఒకటి అన్న చిక్కు ఈ ఏర్పాటుతో చాలావరకు పోయింది. దాని బదులు డీఫాల్ట్ కనిపించకుండా పోయింది. కొత్త క్యూ నిర్వచించగానే, చెప్పని విలువలన్నీ ఒక నమూనా క్యూ నుంచి కాపీ అవుతాయి. క్యూలో పట్టే సందేశాల గరిష్ఠ సంఖ్య 5,000 అన్నది అలా వచ్చేదే. కాపీ అయ్యాక అది ఎవరైనా కోరి పెట్టిన 5,000కూ, ఎవరూ పట్టించుకోనందువల్ల వచ్చిన 5,000కూ మధ్య తేడా డిస్‌ప్లేలో కనిపించదు. మొత్తం నిర్వచనాలను తిరిగి వాడుకునేలా బయటికి తీయడానికి ఏళ్ల తరబడి సేవ్‌క్యూఎంజీఆర్ అనే అనుబంధ సాధనమే దిక్కు. ఆ తర్వాత 7.1 వెర్షన్‌లో డీఎంపీఎంక్యూసీఎఫ్‌జీ ఉత్పత్తిలో భాగంగా వచ్చింది. అది మామూలుగా డీఫాల్ట్‌కు భిన్నంగా ఉన్నవాటినే రాస్తుంది, అన్నీ కావాలంటే విడిగా అడగాలి. పోస్ట్‌కాన్ఫ్ ఎన్ చేసే పనికి దగ్గరగా, పూర్తిగా వేరే లోకంలో, వేరే మనుషులు చేరుకున్నారు. మెయిన్‌ఫ్రేమ్ మీద అయితే డిస్‌ప్లే సిస్టమ్ అనే ఆదేశం, క్యూ మేనేజర్ లేచినప్పటి విలువనూ, తర్వాత సెట్ చేసి మార్చిన విలువనూ రెండూ చూపిస్తుంది. ఆ లోకం గురించి వ్యాసాల్లో ఎవరూ రాయరు గానీ, ఈ విషయంలో అది చాలామంది కన్నా ముందుంది.

డీఫాల్ట్‌ను విడిగా చూపడం ఎందుకంత ముఖ్యం, పనిచేసే విలువ తెలిస్తే చాలదా అనేవారికి పోస్ట్‌ఫిక్స్ చరిత్రే జవాబిస్తుంది. పంపడం కుదరని ఉత్తరాల క్యూను తిరగేసే వ్యవధి 2.4 వెర్షన్‌కు ముందు 1,000 సెకన్లు, ఆ తర్వాత 300. మెయిన్.సీఎఫ్‌లో దాని గురించి ఏమీ రాయని సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు ఫైలులో ఒక్క అక్షరమూ మారదు, పోస్ట్‌కాన్ఫ్ ఎన్ జవాబూ మారదు, క్యూ నడత మాత్రం మారిపోతుంది. సెట్టింగులన్నీ గిట్‌లో భద్రంగా ఉన్నాయి కాబట్టి సర్వర్‌ను అడగాల్సిన పనే లేదని ఈ రోజుల్లో అనేవారికి కూడా ఇదే జవాబు. గిట్‌లో ఉండేది రాసిన మాటలే, రాయకుండా వదిలేసినవి అందులో ఉండవు. వెనెమా ఈ సమస్యను ఎంత తీవ్రంగా తీసుకున్నాడంటే, 2015లో వచ్చిన 3.0లో కొన్ని డీఫాల్ట్‌లు మార్చేటప్పుడు కంపాటిబిలిటీ లెవెల్ అనే సెట్టింగునే కొత్తగా చేర్చాడు. అది పెట్టని పాత సర్వర్ పాత డీఫాల్ట్‌లతోనే నడుస్తుంది. ఒక పాత డీఫాల్ట్ అవసరపడిన ప్రతిసారీ, ఫలానా పాత విలువ వాడుతున్నానని లాగ్‌లో రాస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాము తానే ముందుకొచ్చి తన డీఫాల్ట్ గురించి చెప్పడం అది.

నడుస్తున్న సర్వర్‌నే అడగడం, విలువ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పించడం, ఈ రెండూ కలిసింది గత పదిహేనేళ్లలోనే. 2007లో మొదలైన రాబిట్‌ఎంక్యూలో రాబిట్‌ఎంక్యూసీటీఎల్ కమాండ్ నడుస్తున్న నోడ్‌తోనే మాట్లాడుతుంది. ఎన్విరాన్‌మెంట్ అని అడిగితే ఆ నోడ్ జ్ఞాపకంలో ఉన్న విలువలు వస్తాయి, డిస్కు మీది ఫైలు కాదు. తర్వాత ఇందులో పాలసీలు వచ్చాయి. క్యూను సృష్టించిన ప్రోగ్రాము సందేశాల గరిష్ఠ సంఖ్య ఒకటి అడుగుతుంది, అడ్మిన్ పెట్టిన పాలసీ ఇంకోటి చెబుతుంది, రెండూ ఉంటే చిన్నది వర్తిస్తుంది. అప్పుడు ఒక్క విలువ చూపితే సగం నిజమే చెప్పినట్టు. కాఫ్కా దీన్ని అన్నిటికన్నా స్పష్టంగా పరిష్కరించింది. 2018 నాటి 1.1 వెర్షన్‌లో బ్రోకర్, అంటే కాఫ్కా సర్వర్, నడుస్తుండగానే సెట్టింగులు మార్చే వీలు కల్పించారు. దాంతో పాటే, ఒక సెట్టింగును వర్ణించమని అడిగితే అమల్లో ఉన్న విలువతో బాటు దాని వెనక ఉన్నవన్నీ వరుసగా ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఈ టాపిక్‌కు విడిగా పెట్టిన విలువ, ఈ బ్రోకర్‌కు నడుస్తుండగా పెట్టింది, మొత్తం క్లస్టర్‌కు పెట్టింది, ఫైలులో ఉన్నది, చివరికి కాఫ్కాతో పుట్టిన డీఫాల్ట్. పైది తీసేస్తే ఏది అమల్లోకి వస్తుందో ముందే తెలుస్తుంది. యూయూచెక్ ఒక మాటలో డీఫాల్ట్ అని రాసి వదిలేసిన చోట, ముప్పై ఐదేళ్ల తర్వాత ఒక వంశవృక్షమే వచ్చింది.

ఇంత చూపించడం ప్రమాదం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. సెట్టింగుల్లో డేటాబేస్ పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి. దీనికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టిన ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్ ఎప్పుడో మార్గం చూపింది. దాని కమాండ్ ఆప్షన్‌లో చిన్న పి క్యూను చూపిస్తుంది, పెద్ద పి సెట్టింగులను చూపిస్తుంది. ఏదైనా సెట్టింగు ముందు హైడ్ అని రాస్తే దాని పేరు అందరికీ కనిపిస్తుంది, విలువ మాత్రం అధికారం ఉన్నవారికే. కాఫ్కా కూడా గోప్యమైన విలువలను ఖాళీగా ఇస్తూనే, అలాంటి సెట్టింగు ఉందన్న సంగతిని దాచదు. 1988లో యంత్రాలను ముంచింది చూపించడం వల్ల వచ్చిన ప్రమాదం కాదు. అప్పుడు లేనిది ఆ సెట్టింగు ఉందన్న సమాచారమే. పేరు చూపి విలువ దాచడం ఈ రెండు భయాలకూ సరిపోయే ఏర్పాటు, దాన్ని మించింది నాకు ఇంకా కనిపించలేదు.

ఇంత నేర్చుకున్నాక, ఇప్పుడు విస్తారంగా వాడే క్లౌడ్ క్యూల దగ్గర అది నిలిచిందా అంటే పూర్తిగా నిలవలేదు. 2006లో అమెజాన్ అందుబాటులోకి తెచ్చిన ఎస్‌క్యూఎస్‌ను ఏడబ్ల్యూఎస్ కమాండ్ లైన్ నుంచి గెట్-క్యూ-ఆట్రిబ్యూట్స్ అని అన్ని లక్షణాలూ అడిగితే, సందేశం నిల్వ కాలం 3,45,600 సెకన్లు, ఒకరు తీసుకున్న సందేశం మిగతావారికి కనిపించకుండా ఉండే సమయం 30 సెకన్లు అని అంకెలు వస్తాయి. అవి అమల్లో ఉన్న విలువలే, ఆ మాటకు సందేహం లేదు. ఆ నాలుగు రోజుల నిల్వ అమెజాన్ డీఫాల్టా, లేక సంస్థలో ఎవరో ఆలోచించి పెట్టిందా అన్నది ఆ జవాబులో ఉండదు. ఫైలు లేదు కాబట్టి వెతకడానికి అడంగల్ కూడా లేదు. ఎవరు ఎప్పుడు మార్చారో తెలుసుకోవాలంటే క్లౌడ్‌ట్రెయిల్ అనే ఇంకో సేవలో తవ్వాలి, అదీ ఆ రికార్డులు అంతకాలం దాచి ఉంటేనే. క్యూమెయిల్-షోసీటీఎల్ తన వాక్యంలో చేర్చిన డీఫాల్ట్ అన్న ఒక్క మాటను ఈ జవాబులో ప్రతి అంకె పక్కనా చేర్చడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదు. వాడుకునేవారు గట్టిగా అడగాల్సిన మార్పు అది.